కొత్త కారులో వాన నీళ్లు: ఎక్కడి నుంచి వస్తాయి, రిజిస్ట్రేషన్‌కు ముందే ఎలా పట్టుకోవాలి

కొత్త కారు కొనేటప్పుడు మైలేజీ ఎంత, ఎయిర్‌బ్యాగులు ఎన్ని, ఎక్స్‌ఛేంజ్ బోనస్ ఎంత అని అడుగుతాం. వాన గురించి ఎవరూ అడగరు. తొలి వానాకాలంలో కాళ్ల కింద కార్పెట్ చెమ్మగిల్లితేగానీ ఆ సంగతి గుర్తుకు రాదు. అప్పటికి కారు మన పేరు మీదకు వచ్చేసి ఉంటుంది, లోను కిస్తీలు మొదలై ఉంటాయి, షోరూంలో మనతో మాట్లాడే మనిషి మారిపోయి ఉంటాడు. లీకు సంగతి ముందే ఆలోచించాలనడానికి కారణం ఇదే. రిజిస్ట్రేషన్ కాకముందు "ఈ కారు వద్దు, ఇంకోటి చూపించండి" అనగలం. అయ్యాక అడగగలిగేది రిపేరే.

లీకుల గురించి ముందుగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. కారు గట్టిగా మూతపెట్టిన డబ్బాలాంటిది కాదు. వాన నీళ్లను కొంతవరకు లోపలికి రానిచ్చి, ఒక దారి పట్టించి, కిందికి వదిలేసేలా దాన్ని కడతారు. మండువా లోగిలి ఎరిగినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. నాలుగు చూరుల నీళ్లూ ఇంటి నడిమధ్యే పడతాయి, తూము గుండా వీధిలోకి పోతాయి. తూము పూడితే నీళ్లు గదుల్లోకి ఎక్కుతాయి. కారులోనూ అంతే. తూము పూడటమో, తూము గొట్టం ఊడటమో, తూముకీ గదికీ మధ్య ఉన్న గోడకు ఎవరో చిల్లు పెట్టడమో, చాలా లీకులు ఈ మూడింట్లో ఏదో ఒకటి. తలుపు అంచుల చుట్టూ ఉండే బీడింగ్ రబ్బరు పాడై నీళ్లు కారడం కొత్త కార్లలో అందరూ అనుకునేంత ఎక్కువేమీ కాదు.

సన్‌రూఫ్

సన్‌రూఫ్ అద్దం చుట్టూ ఉన్న రబ్బరు గాలి హోరును ఆపుతుంది, నీళ్లలో పెద్ద భాగాన్ని ఆపుతుంది. మొత్తం ఆపదు, ఆపాలని దాన్ని చేయరు కూడా. రబ్బరు దాటి వచ్చిన నీళ్ల కోసం అద్దం కింద చుట్టూతా ఒక గాడి ఉంటుంది. మామూలుగా ఆ గాడి నాలుగు మూలల నుంచీ నాలుగు సన్న గొట్టాలు దిగుతాయి. ముందు గొట్టాలు రెండూ ముందద్దం పక్కనున్న స్తంభాల లోపలి నుంచి వచ్చి, తలుపు కీళ్ల దగ్గరో, ముందు చక్రం పైన మడ్‌గార్డ్ చాటునో బయటపడతాయి. వెనకవి వెనక స్తంభాల్లోంచి దిగి వెనక చక్రం దగ్గరో, బంపర్ చాటునో తేలతాయి. ఒక్కో గొట్టం లోపలి రంధ్రం పెన్సిలు పట్టేంతే ఉంటుంది.

అంత సన్న గొట్టాలు చాలతాయా అంటే, లెక్క చూద్దాం. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. గంటకు 60 మిల్లీమీటర్ల చొప్పున కురిసే జడివానలో, చదరపు మీటరు అద్దం మీద నిమిషానికి లీటరు నీళ్లు పడతాయి. అందులో చాలా భాగం పైనుంచే జారిపోతుంది, గాడిలోకి దిగేది కొంతే. నాలుగు గొట్టాలూ తెరుచుకుని ఉంటే ఇది వాటికి లెక్కే కాదు. ఒకటి మూసుకుపోయినా చదునైన నేల మీద మిగతా మూడు నెట్టుకొస్తాయి. అదే కారును సెల్లార్ ర్యాంప్ మీద ముక్కు కిందికి పెట్టి ఆపామనుకోండి, గాడిలోని నీళ్లన్నీ ముందు రెండు మూలలకే చేరతాయి. ఇంటి ముందు లీకు కాని కారు అపార్ట్‌మెంట్ ర్యాంప్ మీద లీకవడం వెనక ఉన్న రహస్యం ఇంతే.

2023 ఫిబ్రవరిలో ఒక కొత్త ఎస్‌యూవీని జలపాతం కింద నిలిపితే పైకప్పు స్పీకర్లలోంచి నీళ్లు ధారకట్టిన వీడియో దేశమంతా తిరిగింది. తర్వాత కంపెనీవాళ్లు అదే జలపాతం కింద అదే మోడల్‌ను నిలిపి, లోపల చుక్క పడలేదని చూపించారు. ఏది నిజం అని జనం వాదించుకున్నారుగానీ, రెండూ నిజమయ్యే వీలుంది. అద్దం ఒక్క పిసరు సరిగా కూర్చోకపోయినా గాడిలోకి వచ్చే నీళ్లు ఎన్నో రెట్లు పెరుగుతాయి, గొట్టాలు లాగేలోపే గాడి పొంగుతుంది. ఆ రెండు వీడియోల వల్లా మీరు కొనబోయే కారు గురించి తెలిసేదేమీ లేదు. మీ కారు గొట్టాలను మీరు చూసుకోవాల్సిందే.

చూడటం చాలా తేలిక. కారును చదునైన చోట ఆపి సన్‌రూఫ్ పూర్తిగా తెరవండి. ముందు మూలల్లో గాడి కంటికి కనబడుతుంది. పావు లీటరు సీసాతో నీళ్లు తీసుకుని, ఒక మూలలో సన్నధారగా పోయండి. ఇంకొకరు కింద కూర్చుని ఆ వైపు చక్రం దగ్గర, తలుపు కీళ్ల కింద చూస్తూ ఉండాలి. కొద్ది సెకన్లలో నీళ్లు నేల మీద పడాలి. పడ్డాయా లేదా అని మాత్రమే చూస్తే చాలదు, ఎన్ని పడ్డాయో చూడాలి. పావు లీటరు పోస్తే నాలుగు చుక్కలు రాలి ఆగిపోయిందంటే, మిగతా నీళ్లు ఆ స్తంభం లోపల ఎటో వెళ్తున్నాయని అర్థం. గొట్టం కీలు దగ్గర ఊడి ఉండొచ్చు, మడత పడి ఉండొచ్చు. ముందు గొట్టం ఊడితే నీళ్లు డ్యాష్‌బోర్డ్ కిందికి, కాళ్ల దగ్గరికి వస్తాయి. వెనకది ఊడితే డిక్కీ పక్క గూళ్లలోకి, స్టెప్నీ గుంతలోకి చేరతాయి. బ్రేకు వేసినప్పుడు మాత్రమే లోపలి లైటు దగ్గర నుంచి ధార కారుతుంటే గాడిలో నీళ్లు నిలిచి ఉన్నాయనే లెక్క. బ్రేకు పడగానే ఆ నిలవ నీళ్లు ముందుకు ఎగదన్ని పొర్లుతాయి.

గొట్టం మూసుకుపోతే టైర్ల షాపులో గాలి కొట్టించేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయించకండి. కంప్రెసర్ గాలి దెబ్బకు గొట్టం పైకీలు దగ్గరే ఊడుతుంది, దాన్ని తిరిగి తగిలించాలంటే పైకప్పు లైనింగ్ మొత్తం దించాలి. గడ్డి కోసే మిషన్‌లో వాడే రెండు మిల్లీమీటర్ల నైలాన్ తీగను తీసుకుని, కొసను నిప్పుసెగకు గుండ్రంగా చేసి, మెల్లగా తోయాలి. అడ్డు తగిలితే బలవంతపెట్టకుండా తిప్పుతూ తీయాలి. వేపచెట్టు కిందో, కానుగ చెట్టు కిందో కారు పెట్టేవాళ్లకు ఉగాది నుంచి ఎండాకాలం చివరిదాకా రాలే పూలే గొట్టాలకు పెద్ద శత్రువులు. మే నెలాఖరున ఒకసారి గాడి తుడిచి, నాలుగు మూలల్లో నీళ్లు పోసి చూస్తే ఆ ఏడాది వానాకాలానికి దిగులుండదు.

తలుపు లోపలా వాన పడుతుంది

కిటికీ అద్దం మీద నుంచి జారే నీళ్లు తలుపు లోపలికే దిగుతాయి. అద్దాన్ని ఒరుసుకునే బయటి రబ్బరు పట్టీ అన్నిటినీ ఆపలేదు. తలుపు రేకు లోపల దిగిన నీళ్లు అడుగు అంచున ఉన్న రంధ్రాల గుండా బయటికి పోతాయి. వాన వెలిశాక తలుపు తీస్తే అడుగు నుంచి నీళ్లు బొట్టుబొట్టుగా కారడం మంచి లక్షణమే. తలుపు ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వస్తే మాత్రం ఆ రంధ్రాలు మూసుకున్నాయి.

తలుపు లోపలి ఈ తడి భాగానికీ, మనం కూర్చునే పొడి భాగానికీ మధ్య ఒక్కటే గోడ. అది పల్చటి ప్లాస్టిక్ కాగితమో, ఫోమ్ షీటో. నల్లటి జిగురు ముద్దతో రేకుకు అతికించి ఉంటుంది. దాని మీద ప్లాస్టిక్ ప్యానెల్ బిగిస్తారు కాబట్టి మనకు కనబడదు. కొత్త కార్లలో లీకుల బాధ తరచు ఇక్కడే పుడుతుంది, అదీ ఫ్యాక్టరీ దాటి వచ్చాక. స్పీకర్లు మార్చేవాళ్లు, తలుపు లోపల చప్పుడు తగ్గించే షీట్లు అంటించేవాళ్లు, రేకు మీదికి వెళ్లడానికి ఈ కాగితాన్ని చింపుతారు, లేదా పీకి మళ్లీ అంటిస్తారు. ఒకసారి దుమ్ము పట్టిన జిగురు మళ్లీ సరిగా పట్టదు. కింది మూలలో రెండు వేళ్లు దూరేంత సందు మిగిలితే చాలు, ప్రతి వానకూ నీళ్లు ప్యానెల్ వెనక నుంచి జారి గుమ్మం పట్టీ దాటి కార్పెట్ కిందికి చేరతాయి. షీట్ల ముక్కలు అడుగు రంధ్రాలను కప్పేస్తే ఇంకా కష్టం. బేస్ మోడల్ కొని బయట స్పీకర్లు వేయించుకునేవాళ్లు మన దగ్గర లెక్కలేనంతమంది. ఆ పనేమీ తప్పు కాదు, కాకపోతే ప్యానెల్ మూసేముందు ఆ కాగితం చుట్టూ కొత్త బ్యూటైల్ జిగురు పట్టీ వేయించి, ఫొటో తీసుకోవాలి. షాపువాడు "అక్కర్లేదు సార్" అంటే వేరే షాపు చూసుకోవడం మేలు.

తలుపు బీడింగ్ బాగా కూర్చుందో లేదో తెలియాలంటే కాగితం చాలు. సన్నగా కత్తిరించిన కాగితాన్ని తలుపు సందులో పెట్టి మూసి, లాగి చూడాలి. చుట్టూ ఏడెనిమిది చోట్ల ఇలా చేస్తే, ఎక్కడ వదులుగా జారి వచ్చిందో అక్కడ ఒత్తిడి తక్కువ. మరింత కచ్చితంగా కావాలంటే బీడింగ్ మీద సుద్దముక్క రుద్ది తలుపు ఒకసారి మూసి తెరిస్తే, ఎదుటి రేకు మీద తెల్లటి గీత పడుతుంది. గీత తెగిన చోటే సందు.

వాన లేకపోయినా తడి

ఎండాకాలంలో, చుక్క వాన లేని రోజున, ముందు సీటు కాళ్ల దగ్గర తడి కనిపిస్తే అది ఏసీ నీళ్లయ్యే అవకాశమే ఎక్కువ. ఏసీ లోపలి చల్లటి కాయిల్ మీద గాలిలోని తేమ నీరవుతుంది. విశాఖ, కాకినాడ, చెన్నై లాంటి సముద్రతీరపు ఉక్కపోతలో ఇది గంటకు లీటరు దాకా కూడా ఉంటుంది. ఆ నీళ్లు ఇంజిన్ వైపు గోడకు ఉన్న చిన్న గొట్టం గుండా రోడ్డు మీద పడాలి. గొట్టం మూసుకుంటే పెట్టె నిండి క్యాబిన్‌లోకి పొర్లుతుంది. అరగంట ఏసీ వేసి కారు ఆపినా కింద నేల మీద నీళ్ల మడుగు కనిపించకపోతే అనుమానించాలి. తడి జిగటగా, తియ్యటి వాసనతో ఉండి, ముందద్దం లోపలివైపు జిడ్డు పొగలా పేరుకుంటుంటే అది కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం. హీటర్ కాయిల్ కారుతోందని గుర్తు. దాన్ని వెంటనే చూపించాలి, ఎందుకంటే అక్కడ ఇంజిన్ నీళ్లు తగ్గుతున్నాయి.

వైపర్ల కింద నల్లటి ప్లాస్టిక్ జాలీ ఉంటుంది. ముందద్దం మీది నీళ్లన్నీ దాని కింది గాడిలోకే దిగి, రెండు పక్కల నుంచి పోతాయి. బయటి గాలి ఏసీలోకి వెళ్లే ద్వారం కూడా ఆ పక్కనే ఉంటుంది. ఆకులు పేరుకుని గాడి నిండితే నీళ్లు ఆ ద్వారం దాటి ఏసీ ఫిల్టర్ మీదికి, బ్లోయర్ మోటార్ మీదికి వస్తాయి. ఎడమవైపు డ్యాష్‌బోర్డ్ పెట్టె వెనకున్న ఫిల్టర్ తడిసి ఉంటే దారి ఇదే.

మిగతావి త్వరగా చెప్పుకోవచ్చు. పైకప్పు యాంటెన్నా అడుగు వాషర్ సరిగా కూర్చోకపోతే నీళ్లు లైనింగ్ మీద పడి మరక కడతాయి. వెనక లైట్ల వెనకున్న ఫోమ్ వాషర్, డిక్కీ తలుపులోకి వైర్లు వెళ్లే రబ్బరు తొడుగు, వెనక బంపర్ చాటున గాలి వెళ్లడానికి ఉన్న ప్లాస్టిక్ రెక్కలు, రేకుల అతుకుల మీద పూసే సీలెంట్‌లో ఖాళీలు: ఈ నాలుగింటి వల్లా నీళ్లు చేరేది స్టెప్నీ గుంతకే. ఫాగ్ ల్యాంపులుగానీ, హారన్లుగానీ బయటి షాపులో బిగించి, ఇంజిన్ గోడలోని రబ్బరును కోసి వైరు దూర్చితే, ఆ కోత గుండా నీళ్లు నేరుగా పెడల్స్ మీదికి దిగుతాయి. హెడ్‌లైటు లోపల పల్చటి మంచు పట్టి, లైటు వేసిన కాసేపటికి పోతే గాబరా అక్కర్లేదు, ల్యాంపులకు గాలి రంధ్రాలు ఉంటాయి. బొట్లు కట్టి అడుగున నీళ్లు నిలిస్తే మాత్రం ల్యాంపు మార్పించుకోవాలి.

ముందద్దం సంగతి కొంచెం విడిగా చూడాలి. దాన్ని పాలీయురేథేన్ జిగురుతో రేకుకు అతికిస్తారు. ఫ్యాక్టరీలో మరబొమ్మ చేయి పూసిన జిగురు గీతలో తేడా రావడం అరుదు. కారు ట్రక్కులో వస్తూ దారిలో రాయి తగిలి అద్దం పగిలి, డెలివరీదాకా కార్లను నిలవ ఉంచే యార్డులో మార్చి ఉంటే మాత్రం అది చేత్తో చేసిన పని. ప్రతి అద్దం మూలలో తయారీదారు గుర్తు, తయారైన కాలం తెలిపే కోడ్ ముద్రించి ఉంటాయి. అన్ని అద్దాలూ ఒక కాలానివై, ముందద్దం ఒక్కటే కొత్తదైతే ఎందుకో షోరూంను అడగండి.

యార్డులో మునిగిన కారు

లీకు కన్నా పెద్ద ప్రమాదం ఇది. చెన్నైలో 2015 డిసెంబరులో, హైదరాబాద్‌లో 2020 అక్టోబరులో, విజయవాడలో బుడమేరు పొంగిన 2024 సెప్టెంబరులో నీళ్లు పల్లపు ప్రాంతాల్లో రోజుల తరబడి నిలిచాయి. వాహనాల యార్డులు ఊరి శివార్లలో, చవగ్గా దొరికే విశాలమైన నేలల్లో ఉంటాయి. అలాంటి నేల తరచు పల్లంలోనే ఉంటుంది. వరద వచ్చి పోయిన రెండు మూడు నెలల్లో "స్టాక్ క్లియరెన్స్" అంటూ భారీ తగ్గింపు చూపిస్తే, తగ్గింపుకు ఆ వరదే కారణం కావచ్చు, కాకపోనూ వచ్చు. కారు చెప్పే సాక్ష్యాన్ని చూసుకోవడమే దారి.

వరద నీరు తుడిస్తే పోతుంది, ఒండ్రు పోదు. సీటును పూర్తిగా వెనక్కి జరిపి పట్టాల లోపల వేలు పెట్టి తీయండి. సీటు బోల్టు తలల మీద ఎర్రటి తుప్పు ఉందేమో చూడండి. సీటుబెల్టును ఆఖరి అంగుళం దాకా బయటికి లాగితే, చుట్టలో లోపలుండే భాగం మీద నీటిమట్టం గీత కనబడొచ్చు. డ్యాష్‌బోర్డ్ కింద టార్చి వేసి లోహపు బ్రాకెట్లు, స్క్రూలు చూడండి. స్టెప్నీ తీసి గుంత మూలలు తడమండి. కారుతో పాటు తయారీ కంపెనీ ఇచ్చే ఫామ్ 22 అనే పత్రంలో తయారీ నెల, సంవత్సరం ఉంటాయి. టైరు పక్కన నాలుగు అంకెల ముద్రలో, 2624 అని ఉంటే 2024లో 26వ వారం. ఈ రెండూ పోల్చితే కారు యార్డులో ఎన్ని నెలలు ఉంది, ఆ నెలల్లో ఆ ఊళ్లో వరద వచ్చిందా అన్నది తేలుతుంది.

డెలివరీకి ముందు పరీక్ష

డెలివరీ రోజు కారు కడిగి, సెంటు కొట్టి, రిబ్బన్ కట్టి ఉంటుంది. ఇంటిల్లిపాదీ వస్తారు, టైర్ల కింద నిమ్మకాయలు సిద్ధంగా ఉంటాయి. ఆ హడావిడిలో కార్పెట్ ఎత్తి చూసే ఓపిక ఎవరికీ ఉండదు. పరీక్ష అంతకుముందే, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ మీ పేరున తీయకముందే, ఛాసిస్ నంబరు రాయించుకుని అదే కారు మీద చేయాలి. యాక్సెసరీలు బిగించకముందు ఒకసారి, బిగించాక ఇంకోసారి చేయగలిగితే మరీ మంచిది, తప్పెవరిదో వెంటనే తేలిపోతుంది.

మొదట పొడి పరీక్ష. మ్యాట్లు తీసి పక్కన పెట్టండి. సీట్ల దాకా అంచు కట్టి వచ్చే మందపాటి సెవెన్ డీ మ్యాట్లు వేసి ఉంటే అవి తీయించాల్సిందే, వాటి కింద తడి నెలల తరబడి దాగుతుంది. ఒక వార్తాపత్రికను నాలుగు మడతలు పెట్టి, నాలుగు చోట్లా కార్పెట్ మీద పరిచి, దాని మీద నిలబడి ఒక నిమిషం బరువు వేయండి. కార్పెట్ పై ముఖం ఎండినా, దాని కింది ఫోమ్ నీళ్లను లీటర్ల కొద్దీ పట్టి ఉంచుతుంది. పత్రిక తిప్పి చూస్తే అక్షరాల మీద చెమ్మ మచ్చ కనబడుతుంది. కారు అద్దాలన్నీ మూసి, ఏసీ ఆపి, అయిదు నిమిషాలు కూర్చుని వాసన చూడండి. కొత్త ప్లాస్టిక్ వాసన వేరు, తడి గోనెసంచి వాసన వేరు.

తర్వాత నీళ్ల పరీక్ష. సర్వీస్ సెంటర్‌లోని వాటర్ సర్వీసింగ్ బేలో చేయించవచ్చు. ప్రెషర్ గన్ వద్దు, అది మంచి బీడింగ్ గుండా కూడా నీళ్లను తోసేస్తుంది, ఏ నిజమూ తెలియదు. మామూలు పైపు, మూతి మీద వేలు అడ్డం పెట్టకుండా, వానలా పోయాలి. లోపల ఒకరు టార్చితో కూర్చోవాలి. కింది నుంచి మొదలుపెట్టి పైకి రావాలి, ఇదే కీలకం. ముందే పైకప్పు మీద పోస్తే నీళ్లు అన్ని చోట్లకూ జారి, లీకు ఎక్కడిదో తేల్చలేం. మొదట తలుపుల దిగువ, తర్వాత వైపర్ల కింది జాలీ, ముందద్దం అంచులు, వెనక లైట్లు, డిక్కీ తలుపు అంచు, చివరికి పైకప్పు, సన్‌రూఫ్. ఒక్కో చోట అయిదు నిమిషాలు ఆగాలి. ఫ్యాక్టరీలో ప్రతి కారూ షవర్ టెస్ట్ దాటే వస్తుందని షోరూంవాళ్లు అంటారు, అది అబద్ధం కాదు. కాకపోతే ఆ షవర్ తర్వాత కారు వందల కిలోమీటర్లు ట్రక్కు మీద ఊగింది, యార్డులో నెలలు ఎండింది, ఎవరెవరో ప్యానెళ్లు తీసి పెట్టారు.

తడి కనబడి, దారి దొరక్కపోతే రెండు ఉపాయాలున్నాయి. అనుమానం ఉన్న చోట ప్లాస్టిక్ తీసి, రేకు మీద ముఖానికి రాసుకునే పౌడరు చల్లి నీళ్లు పోయండి. నీటి చుక్క పౌడరులో గీత గీసుకుంటూ దిగుతుంది, ఆ గీత వెంట పైకి వెళ్తే మూలం దొరుకుతుంది. రెండోది, వెనక బంపర్ చాటు గాలి రెక్కలకు టేపు అంటించి, అద్దాలు మూసి, బ్లోయర్‌ను బయటి గాలి మీద పెట్టి పూర్తి వేగంతో తిప్పండి. బయట అంచుల మీద సబ్బు నీళ్లు చల్లితే సందున్న చోట బుడగలు లేస్తాయి.

ఎందుకింత పట్టుదల అంటే, కార్పెట్ కింద ఉన్నది వట్టి రేకు కాదు. చాలా కార్లలో సీట్ల కింద పసుపు రంగు ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్లు, మధ్య కన్సోల్ కింద ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్, డ్యాష్‌బోర్డ్ కింద ఫ్యూజులు, తలుపుల తాళాల దగ్గర నుంచి లైట్ల దాకా నడిపే మాడ్యూల్ ఉంటాయి. లీకు మొదలైన ఆర్నెల్లకో ఏడాదికో ఎయిర్‌బ్యాగ్ దీపం వెలుగుతుంది, సెంట్రల్ లాక్ తనంతట తానే పడుతుంది. అప్పుడు ఎవరూ దాన్ని పాత తడితో ముడిపెట్టరు. ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీ ప్యాక్ సాధారణంగా ఐపీ67 స్థాయిది, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి రాకూడదు. ఆ భరోసా ప్యాక్‌కే. క్యాబిన్‌లోని కనెక్టర్లకు ఆ రక్షణ లేదు.

లీకు దొరికాక

తాళాలు తీసుకోకముందే దొరికితే కారు మార్చమని రాతపూర్వకంగా అడగండి, ఈమెయిల్‌లో ఛాసిస్ నంబరుతో సహా. తీసుకున్నాక దొరికితే తేదీ కనబడేలా వీడియో తీసి, సర్వీస్ సెంటర్‌లో జాబ్ కార్డు, అంటే ఫిర్యాదును నమోదు చేసే కాగితం, రాయించండి. అందులో "కస్టమర్ చెక్ చేయమన్నారు" అని రాస్తే ఒప్పుకోకండి, "ఎడమ ముందు కార్పెట్ కింద నీరు" అని చోటుతో సహా రాయించాలి. రిపేరు అయ్యాక మీ ముందే నీళ్ల పరీక్ష చేసి చూపించమనండి. సందు మీద పారదర్శకంగా ఉండే సిలికాన్ పూసి పంపేస్తామంటే వద్దనండి. వెనిగర్ వాసన వచ్చే ఆ సిలికాన్ రేకును తుప్పు పట్టిస్తుంది, తర్వాత అక్కడ పెయింటుగానీ అసలైన సీలెంట్‌గానీ పట్టదు. పాలీయురేథేన్ సీలెంటో, బ్యూటైల్ పట్టీయో వాడాలి. కార్పెట్‌ను పైపైన ఎండబెడితే లాభం లేదు. సీట్లు విప్పి, కార్పెట్ ఎత్తి, కింది ఫోమ్ ఆరేదాకా ఫ్యాన్ పెట్టాలి, లేదా ఫోమ్ మార్చాలి. ఆ పని కూడా వారంటీలో అడగండి. బయట స్పీకర్లు వేయించిన తలుపులోంచే లీకు వస్తే వారంటీ తిరస్కరిస్తారు, అందుకే ముందు చెప్పిన ఆ ఫొటో.

రెండు మూడుసార్లు తిరిగినా పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పవచ్చు. దాంతోనూ తేలకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లాలి. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల లోపు ఉంటే జిల్లా కమిషనే వింటుంది, కాబట్టి మనం కొనే కార్లలో చాలావరకు అక్కడికే వస్తాయి. డీలర్‌ను, తయారీ కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చాలి, లేకపోతే ఒకరి మీద ఒకరు తోసేసుకుంటారు. వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. కారు మొత్తం మార్చివ్వమనే ఆదేశం తేలిగ్గా రాదు. తయారీ లోపమని నిపుణుడి నివేదిక చూపించమంటారు. అందుకే పరీక్ష అయిన రోజు వీడియో, చోటు రాసిన జాబ్ కార్డులు, ఒకే చోట మళ్లీ మళ్లీ లీకైందని చూపే తేదీలు అన్నిటినీ మొదటి తడి కనబడ్డ రోజు నుంచే ఒక కవరులో వేస్తూ ఉండాలి.